చెంచవ్వ చూడని అడుగులు

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు రండి. ఊఁ కొట్టనివాళ్ళు దుప్పటి ముసుగేసుకుని పడుకోండి, నాకేం బాధ లేదు. కథ మధ్యలో ఆవలించేవాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళుమంట.

అనగా అనగా, మీ తాతకు తాత ఉగ్గుగిన్నె నాకే రోజుల్లో, సముద్రం పక్కన తెల్లగట్టు అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వరి లేదు, చెరుకు లేదు, చింతచెట్టు లేదు. ఉండేదంతా ఉప్పే. సముద్రం నీళ్ళు గట్లు పోసిన కయ్యల్లోకి పెట్టాలి. ఎండకు ఎండనియ్యాలి. అడుగున పేరిన ఉప్పును చెక్కపలకతో లాగి కుప్పెయ్యాలి. మగవాళ్ళు నీళ్ళు తోడేవాళ్ళు, ఆడవాళ్ళు ఉప్పు లాగేవాళ్ళు. పొద్దు పొడవకముందు పోతే పొద్దుగూకినాకే ఇంటికి రావడం.

మరి చంటిబిడ్డల సంగతేంది? కయ్యల కాడికి ఎత్తుకుపోతే నీడ లేదు. ఆ ఉప్పు మీద ఎండ పడితే పెద్దవాళ్ళకే కళ్ళు మూతపడతాయి, పసిబిడ్డలకు వాచిపోయేవి. పైగా కయ్య కయ్యకూ ఒక ఉప్పునీళ్ళ గుంత, నిలువెత్తు లోతు. ఒక ఏడు ఒక బిడ్డ ఆ గుంతలో పడి ప్రాణం విడిచింది. ఆ బిడ్డ పేరు ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఆ తల్లి ఏడుపు మాత్రం ఊరు ఊరంతా వినింది.

అప్పుడు, ఊరి చివర గుడిసెలో ఉండే చెంచమ్మ బయటికొచ్చింది. మొగుడు పోయాడు, బిడ్డల్లేరు, ఎడం మోకాలు వంగదు. ఉప్పు పనికి పనికిరావు పొమ్మని మేస్త్రీ ఎప్పుడో అనేశాడు. ఆమె ఏమనిందంటే, "మీ బిడ్డల్ని నా కాడ వదిలిపోండే. నాకు పరిగెత్తను రాదు గానీ, కూర్చోని కనిపెట్టుకోను వచ్చు" అనింది.

మొదట ఒక్క బిడ్డ వచ్చింది. తర్వాత ముగ్గురయ్యారు. ఆ తర్వాత పదముగ్గురు. చెంచమ్మ కాస్తా అందరికీ చెంచవ్వ అయింది.

కూర్చోని చేసే పనే కదా, ఏం కష్టం అనుకునేరు. ఒక్క బిడ్డను ఒక్క పూట చూసుకోండి, మీ సంగతి నాకు తెలీదా! పదముగ్గురంటే ఏమనుకున్నారు? ఒకడికి ఉగ్గు పెడతా ఉంటే ఒకడు మట్టి తినేవాడు. మట్టి ఉమ్మిస్తా ఉంటే ఇంకొకతి గడప దాటేది. ఒకర్ని జోకొట్టి పడుకోబెడితే ఇద్దరు లేచేవాళ్ళు. గుడ్డలు ఉతకాలి, ముక్కులు తుడవాలి, కొరుక్కునేవాళ్ళను విడదీయాలి. అవ్వ తన ముద్ద తను తినేటప్పటికి అది చల్లారి రాయయ్యేది.

మాటలు పడ్డం వేరే. కాలు గీరుకుంటే చెంచవ్వ. జలుబు చేస్తే చెంచవ్వ. ఇంటికి పోయిన బిడ్డ తల్లి చంకలోంచి మళ్ళీ అవ్వ వైపు చేతులు చాపితే, "మా బిడ్డకు ఏం మందు పెట్టిందో" అని అదీ చెంచవ్వ నెత్తినే. ఇంటికో పిడికెడు రాగిపిండి ఇచ్చేవాళ్ళు. అందులో సగం ఆ బిడ్డల జావకే పోయేది.

ప్రతి సాయంత్రం తల్లులు ఉప్పు చేతులతో వచ్చి తడిక కాడ నిలబడేవాళ్ళు. "అవ్వా, ఇయ్యాల నా బిడ్డ ఏం చేశాడు?" అని అడిగేవాళ్ళు.

"ఏం చేస్తాడు? తిన్నాడు, ఏడ్చాడు, పడుకున్నాడు" అనేది అవ్వ.

ఏ బిడ్డ గురించి అడిగినా అదే జవాబు. తిన్నాడు, ఏడ్చాడు, పడుకున్నాడు.

ఆ పదముగ్గురిలో ఒకడు కొండడు. అసలు పేరు మాలకొండయ్య. తల్లి రవణమ్మ. ఏడాదిన్నర నిండినా కొండడికి నడక రాలేదు. రవణమ్మకు అదొక్కటే దిగులు. ఉప్పు లాగేటప్పుడూ అదే దిగులు, అన్నం వండేటప్పుడూ అదే దిగులు.

అవ్వ ఒకనాడు అనింది, "రవణమ్మా, ఇంటికాడ వాణ్ణి కాస్త కింద దించమ్మా."

రవణమ్మకు చురుక్కుమనింది. "పగలంతా వాడి మొహం చూడను. ఆ నాలుగు గడియలన్నా చంకలో పెట్టుకోనీ అవ్వా" అనింది. నిజమే. ఇంటికి పోతానే బిడ్డను చంకనేసుకునేది. చంకలో బిడ్డతోనే పొయ్యి ఊదేది, చంకలో బిడ్డతోనే నీళ్ళు తెచ్చేది. వాడి కాళ్ళు ఆ ఇంటి నేలకు తగిలిందే లేదు.

ఇట్టా ఉండగా రవణమ్మ పెనిమిటికి మేనత్త, వెంగమ్మత్త అని, ఊరు చూడను వచ్చింది. ఆమెకు అన్నీ కావాలి. ఎవరింట్లో ఏం కూర, ఎవరి దూడ ఏ ఆవుది, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు. తెలిసిందాకా అన్నం సయించదు. చెడ్డది కాదు పాపం, ప్రశ్న పుడితే కడుపులో ఆగదు, అంతే.

కొండణ్ణి చూసి వెంగమ్మత్త ముక్కు మీద వేలేసుకుంది. "ఏమే, ఇంకా నడవలేదా? పగలంతా యాడుంటాడు వీడు?"

"చెంచవ్వ కాడ."

"మరి తక్కిన బిడ్డలు ఎప్పుడు నడిచారో? యాడ నడిచారో?"

ఆమెకు ప్రశ్న పుట్టిందంటే ఇంక ఆగుతుందా? లేచి ఇల్లిల్లూ తిరిగింది. మొదటి ఇంట్లో అడిగితే, "మాయింట్లోనే అత్తా. నేను కాళ్ళు కడుక్కోని కూర్చున్నానా, ఎదురుగా నడుచుకుంటా వచ్చేసింది" అనింది తల్లి. రెండో ఇంట్లో, "మాయింట్లోనే అత్తా. పొయ్యి రాజేస్తా తిరిగి చూస్తే నిలబడి నడుస్తా ఉండాడు." మూడో ఇంట్లో, "మాయింట్లోనే. మొదటి అడుగు నేనే చూశా." అది చెప్తా ఆ తల్లి మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు అవ్వ కాడ ఉండే బిడ్డల్లో నడక వచ్చినవాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఇదే మాట. వెంగమ్మత్త నడివీధిలో నిలబడిపోయింది. "పగలంతా ఆ గుడిసెలో ఉంటారు, అడుగు మాత్రం ఇంటికొచ్చి వేస్తారా? ఒక్క బిడ్డ కూడా అక్కడ నడవలేదా? ఇదేం చిత్రం!"

అడగాల్సిన ప్రశ్నే. నేనైనా అడిగేదాన్ని. మీరు అడగరా? అడుగుతారు.

అడగడం మంచిదే, తొంగి చూడ్డమే తంటా. వెంగమ్మత్త మూడు రోజులు తాటాకు తడిక సందులోంచి తొంగి చూసింది.

మొదటిరోజు, నల్లమందు పెట్టి పడుకోబెడతా ఉందేమో చూద్దామని పోయింది. అవ్వ రాగిజావ కాస్తా ఉంది. ఒక చుక్క తన నాలిక మీద వేసుకుని, కాలలేదని చూసుకుని, అప్పుడు బిడ్డకు పెట్టింది. పదముగ్గురికీ పదమూడుసార్లు అట్టానే చూసుకుంది. నల్లమందు లేదు.

రెండోరోజు, కాళ్ళు కట్టేస్తా ఉందేమో చూద్దామని పోయింది. తాడైతే ఉంది. ఆ తాడు ఒక కొస ఉయ్యాలకు, ఇంకో కొస అవ్వ కాలి బొటనవేలికి ఉంది. చేతులు గుడ్డలు ఉతుకుతా ఉంటే కాలు ఉయ్యాల ఊపుతా ఉంది. బిడ్డల కాళ్ళకు ఏమీ కట్టలేదు.

మూడోరోజు ఏం చూద్దామని పోయిందో ఆమెకే తెలీదు. కళ్ళు పెట్టి చూసేటప్పటికి, కొండడు గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు! గుంజ వదిలాడు! వెంగమ్మత్త "హా!" అని ఊపిరి పీల్చింది. ఆ చప్పుడుకు అవ్వ తడిక వైపు చూసింది. సందులో కన్ను కనబడింది. వెంటనే ఏం చేసిందో తెలుసా? నిలబడిన బిడ్డను నడుం పట్టి చటుక్కున ఒళ్ళోకి లాగి కూర్చోబెట్టేసింది.

వెంగమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుని ఉప్పు కయ్యల దాకా పరిగెత్తింది. "నా కళ్ళారా చూశానమ్మో! నిలబడ్డ బిడ్డను కూలేసింది! అందుకే ఆ గుడిసెలో ఒక్క అడుగూ పడదు. మీ బిడ్డలు నడక నేర్చి బయటికి పోతే తనకు పని లేకుండా పోతుందని, నడవనియ్యదు ఆమె!"

ఆ సాయంత్రం తల్లులందరూ తడిక కాడికి వచ్చారు. ఎవరూ ఎప్పుడూ అడిగే మాట అడగలేదు.

రవణమ్మ ముందుకొచ్చింది. "అవ్వా, నా బిడ్డ నిలబడితే కూలేశావంటనే, నిజమా?"

"కూలెయ్యలేదు. కూర్చోబెట్టా."

"ఎందుకు కూర్చోబెట్టావు?"

అవ్వ ఒళ్ళో ఉన్న బిడ్డ ముక్కు తుడిచింది.

"చెప్పు అవ్వా. ఒక్క మాట చెప్పు. నువ్వు ఏం చెప్పినా నమ్ముతా. ఎందుకు?"

ఒక్క మాట చెప్తే చాలు, ఆ బిడ్డలందరూ ఆమె కాడే ఉండేవాళ్ళు. ఆ ముసలిదానికి లోకంలో ఉన్నది ఆ పదముగ్గురే. అయినా ఆ మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అంటారా? ఆగండి, అక్కడికే వస్తన్నా. నన్ను తొందర పెట్టొద్దు.

చివరికి అవ్వ అనింది, "రవణమ్మా, వాణ్ణి ఇంటికాడ కాస్త కింద దించు. నీ కాళ్ళకు మొక్కుతా, ఒక్కసారి దించు."

"నా బిడ్డను ఎట్టా పెంచాలో నువ్వు నాకు చెప్తావా?" అని రవణమ్మ కొండణ్ణి లాక్కుని పోయింది. ఆమె వెనకే ఇంకొకరు, ఆమె వెనకే ఇంకొకరు. పదమూడో బిడ్డ కూడా పోయినాక గుడిసెలో ఉయ్యాల ఒక్కటే ఊగింది. అవ్వ ఆ రోజు గుండెలవిసేటట్టు ఏడ్చింది.

మర్నాటి నుంచి బిడ్డలందరూ ఉప్పు కయ్యల కాడే. మొదటిరోజు బిడ్డల అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రెండోరోజు కళ్ళు ఎర్రగా వాచాయి. తల్లుల చూపు ఉప్పు మీద ఉంటే మనసు బిడ్డ మీద, బిడ్డ మీద చూపు పెడితే మేస్త్రీ అరుపు. చెంచవ్వ కాలీడ్చుకుంటా వచ్చి రోజూ గట్టు మీద కూర్చునేది. ఒక కుండలో చల్లటి నీళ్ళు తెచ్చేది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు, ఎవరూ ఆ నీళ్ళు తాగలేదు. పసిబిడ్డలు మాత్రం ఆమెను చూసి ఏడ్చారు.

ఆ రెండు రోజులూ రవణమ్మ కొండణ్ణి వీపుకు కట్టుకునే ఉప్పు లాగింది. మూడోరోజు మేస్త్రీ కసిరాడు. "బిడ్డను మోసుకుంటా సగం పని చేస్తావా? దించు, లేకపోతే ఇంటికి పో" అన్నాడు. ఏం చేస్తుంది? ఉప్పు కుప్ప నీడలో కొంగు పరిచి వాణ్ణి కూర్చోబెట్టింది. వెంగమ్మత్త కూడు తెచ్చి పక్కన పెట్టి, తను తెచ్చిన ముంతలో నీళ్ళు చాలవని మళ్ళీ మంచినీళ్ళ చెలమ కాడికి పోయింది. రవణమ్మ వెనక్కి తిరిగి పలక అందుకుంది.

కొండడు కుప్ప పట్టుకుని లేచాడు. కుప్ప వదిలాడు. ఒక అడుగు. రెండడుగులు. వాడు పోయే దారిలో కాస్త ముందు, కుడిపక్కనే ఉప్పునీళ్ళ గుంత ఉంది.

ఎవరూ చూడలేదు. అందరి నడుములూ వంగి ఉన్నాయి, అందరి కళ్ళూ ఉప్పులో ఉన్నాయి. చూసింది ఒక్క చెంచవ్వే. లేవబోయింది, మోకాలు లేవనియ్యలేదు. అప్పుడు ఆ ముసలిది గొంతు చించుకుని అరిచింది.

"రవణమ్మా! కొండడు! ఎనిమిదో అడుగుకి కుడిపక్కకి పడతాడు, పట్టుకో!"

రవణమ్మ తిరిగి చూసింది. ఐదు. పలక విసిరేసింది. ఆరు. ఉప్పులో కాలు జారింది, మళ్ళీ లేచింది. ఏడు. చేతులు చాచింది. ఎనిమిదో అడుగు పడింది, కొండడు కుడిపక్కకి ఒరిగాడు, గుంత అంచు మీద తల్లి చేతుల్లో పడ్డాడు. పడి, నవ్వాడు వెధవ!

"నడిచాడే! నా బిడ్డ నడిచాడే!" అని రవణమ్మ ఏడుస్తా నవ్వింది, నవ్వుతా ఏడ్చింది. పలకలు వదిలేసి అందరూ పరిగెత్తుకుంటా వచ్చారు. మేస్త్రీ కూడా వాళ్ళ వెనకే వచ్చాడు.

వెంగమ్మత్త చెలమ కాడి నుంచి ఉరుక్కుంటా వచ్చింది. ఆమె సంగతి చెప్పా కదా, చూడకపోతే ఆగదు. ఆ తెల్లటి ఉప్పు మీద బుడ్డి బుడ్డి పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి. వంగి, వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. సరిగ్గా ఎనిమిది. మెల్లగా నడుం ఎత్తి గట్టు వైపు చూసింది.

"ఎనిమిదో అడుగుకి పడతాడని నీకెట్టా తెలుసు?"

ఊరంతా చెంచవ్వ వైపు తిరిగింది.

"ఏదో నోటికొచ్చింది అరిచా" అనింది అవ్వ.

"కుడిపక్కకే పడతాడని?"

"అదీ నోటికొచ్చింది."

"నువ్వు వీడి నడక ముందే చూశావు" అనింది వెంగమ్మత్త. గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "చాలాసార్లు చూశావు. ఎన్నో అడుగుకి ఎటు పడతాడో తెలిసేటన్నిసార్లు చూశావు. మరి ఎందుకు చెప్పలేదు? నిన్ను దొంగదాన్ని చేసి బిడ్డల్ని లాక్కుపోతా ఉన్నా ఎందుకు చెప్పలేదు?"

"నేను చూడలేదు" అనింది అవ్వ, నేల చూపులు చూస్తా.

ఆ గుంపులో కామాక్షమ్మ అని ఒక తల్లి ఉంది. అవ్వ గుడిసెకు వచ్చిన మొట్టమొదటి బిడ్డ ఆమె కూతురే. ఆ బిడ్డ ఇప్పుడు నీళ్ళు మోసేంత పెద్దదైంది. కామాక్షమ్మ తల పట్టుకుని అక్కడే కూలబడింది.

"నాకు తెలుసే ఎందుకు చెప్పలేదో" అనింది. "నా కూతురు నడిచినప్పుడు అవ్వ నాకు చెప్పింది. సాయంత్రం నేను వస్తానే చప్పట్లు కొట్టి, 'నీ కూతురు నడిచిందే!' అనింది. నేను నవ్వా. అడుగులేస్తే అరిసెలు చెయ్యాలి కదా, ఇంటికి పోయి పాకం పట్టా. పాకం తిప్పుతా తిప్పుతా ఏడ్చా. పొద్దున్నే అవ్వకు అరిసె ఇస్తా, నేనే అన్నా... 'అవ్వా, నా బిడ్డ మొదటి అడుగు నువ్వు చూశావు, నేను ఉప్పు చూశా' అన్నా. ఆ మాట అనింది నేనే."

అంతే. ఆ రోజు నుంచి అవ్వ కళ్ళు చూశాయి, నోరు చూడలేదు. బిడ్డ బోర్లాపడినా, పాకినా, గడప దాటినా, నడిచినా, సాయంత్రం తల్లి అడిగితే తిన్నాడు, ఏడ్చాడు, పడుకున్నాడు. రేపో ఎల్లుండో బిడ్డ ఇంట్లో నడుస్తాడు. తల్లి చూస్తుంది. అదే మొదటిది అవుతుంది. తడిక సందులో పరాయి కన్ను కనబడితే, ఆ కన్ను పోయి ముందే చెప్పేస్తుందేమో అని బిడ్డను కూర్చోబెట్టింది. అదీ ఆమె చేసిన నేరం.

అప్పుడు ఒక పడుచుతల్లికి వెక్కిళ్ళు వచ్చాయి. "అయితే నేను చూసింది మొదటి అడుగు కాదా అవ్వా?"

అవ్వకు అంతదాకా రాని కోపం అప్పుడొచ్చింది. "ఎవతే కాదనింది? నువ్వు చూసిందే మొదటిది. నేను చూశానని నీకు చెప్పానా? ఊళ్ళో ఎవరికైనా చెప్పానా? చూడలేదంటే చూడలేదు! చంపినా అదే చెప్తా!"

రవణమ్మ కొండణ్ణి ఎత్తుకుని గట్టెక్కింది. అవ్వ ముందు నిలబడి, వాణ్ణి మెల్లగా కింద దించింది. "రేపు పొద్దున్నే తెస్తా అవ్వా" అనింది. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. అవ్వ తెచ్చిన కుండలో నీళ్ళు ముందు వెంగమ్మత్తే తాగింది.

కొండడి అరిసెల పండగ ఊరంతా కలిసి చేసింది. నట్టింట్లో వరసగా అరిసెలు పరిచారు. చెంచవ్వను పిలిచి ముందు కూర్చోబెట్టారు. రవణమ్మ అటు చివర చేతులు చాచి కూర్చుంది. బిడ్డను దించగానే చెంచవ్వ ఏం చేసిందంటే, అలవాటు కొద్దీ గిర్రున వీపు తిప్పి కూర్చుంది. "అడుగులు చూడ్డం తల్లి పని. నాకేం పని?" అనింది. ఆమెను చూసి కామాక్షమ్మ వీపు తిప్పింది. ఆమెను చూసి ఇంకొకరు. చివరికి వెంగమ్మత్త కూడా, తన్నుకొచ్చే ఆరాటం తన్నుకొస్తానే ఉన్నా, కళ్ళు గట్టిగా మూసుకుని వీపు తిప్పింది. ఆ ఇంట్లో రవణమ్మ ఒక్కతే చూసింది.

తర్వాత ఎన్నో ఏళ్ళకు చెంచవ్వ పోయింది. ఆమె చేతి జావ తాగినవాళ్ళే ఆమె పాడె మోశారు. గుడి కట్టలేదు, రాయి పాతలేదు. కానీ ఈనాటికీ ఆ సముద్రం పక్క ఊళ్ళల్లో అరిసెల మీద బిడ్డను నడిపిస్తే, పిలిచిన చుట్టాలందరూ వీపు తిప్పి నిలబడతారు. తల్లి ఒక్కతే చూస్తుంది. "ఎన్ని అడుగులు వేశాడే?" అని తర్వాత ఆమెనే అడుగుతారు. ఆమె ఎన్నంటే అన్నే. పరాయి బిడ్డను సాకే మనిషిని ఎవరైనా చులకన చేస్తే, "చెంచవ్వ కళ్ళున్న మనిషి, నోరు జారకు" అంటారు.

నా సంగతి కూడా చెప్పి లేస్తా. మొన్న నా కోడలు చేపలు అమ్మను సంతకు పోయింది. మనవరాలు నా ఎదురుగానే లేచి ఐదడుగులు వేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మీకు తెలుసు. పెదాలు పళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నా. సాయంత్రం కోడలు వచ్చి, "అత్తా, ఇయ్యాల పిల్ల ఏం చేసింది?" అనింది. "ఏమీ లేదమ్మా" అన్నా. కోడలు నా మొహం ఒకసారి చూసింది. నెత్తి మీది గంప దించి, చేతులన్నా కడుక్కోకుండా నట్టింట్లో చతికిలబడి, రెండు చేతులూ చాపింది. నేను పెరట్లోకి పోయి వీపు తిప్పి నిలబడ్డా.

కాసేపటికి లోపలి నుంచి కేక. "అత్తా! నడిచిందీ!"

"నిజమా!" అని అరుచుకుంటా లోపలికి పరిగెత్తా.